గొడ్డలి నూరిన బండలు

బళ్లారికి దగ్గర్లోని సంగనకల్లు, కుప్గల్ కొండలెక్కితే గ్రానైట్ బండల మీద అక్కడక్కడా పొడవాటి నున్నని గాళ్లు కనిపిస్తాయి. వాన కోసిన గాళ్లు కావవి. మూడు, నాలుగు వేల ఏళ్ల కిందట నవీన శిలాయుగపు జనం రాతి గొడ్డళ్లకు పదును పెట్టుకున్న చోట్లు.

1863లో పల్లావరంలో రాతి పనిముట్టును గుర్తించిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆ తర్వాత ఇక్కడి గొడ్డళ్ల తయారీని లోకం దృష్టికి తెచ్చాడు. బెండపూడి సుబ్బారావు ఈ కొండల్లో తవ్వకాలు జరిపి, 1948లో బళ్లారి శిలాయుగ సంస్కృతులపై గ్రంథం వెలువరించాడు. పాలమూరు వైపు ఉట్నూరులో, అనంతపురం వైపు పాలవాయిలో బూడిద దిబ్బలు మిగిల్చిన పశుపాలకులదీ ఇదే సంస్కృతి.

ఇక్కడి గ్రానైట్‌ను చీల్చుకుని నల్లని డోలరైట్ చార ఒకటి సాగుతుంది. ఆ రాతిని పగలగొట్టి, పెచ్చులు లేపి గొడ్డలి రూపు తెచ్చేవారు. సుత్తిరాయితో సన్నగా పొడిచి ఎగుడుదిగుళ్లు సరిచేసేవారు. తర్వాత అసలు శ్రమ, నూరడం. గ్రానైట్‌లోని పలుగురాతి రేణువులు డోలరైట్ కన్నా గట్టివి కాబట్టి బండే సానరాయి అయింది. నీళ్లు, ఇసుక తోడైతే రాయి త్వరగా అరుగుతుంది. అయినా వాదర తేలాలంటే గంటల తరబడి చేతులు ఆడించాల్సిందే.

అంత కష్టపడి చేసుకున్న గొడ్డలిని మొక్కవోయిందని ఎవరు పారేస్తారు? అంచు పెచ్చులూడితే మళ్లీ చెక్కి, మళ్లీ నూరి, కామకు బిగించేవారు. నూరినకొద్దీ గొడ్డలి పొట్టిదవుతుంది, అంచు మందమవుతుంది. ఇక పదును నిలవదనుకున్నాక కొన్నిటిని సుత్తిరాళ్లుగా వాడుకున్నారు. తవ్వకాల్లో దొరికే పొట్టి గొడ్డలిని చిన్నదిగా చేశారని తొందరపడి అనుకోకూడదు. చాలాసార్లు అది ఎక్కువకాలం పనిచేసిన గొడ్డలి.

ఈ కొండల్ని కొంత మేర రాతి క్వారీలు ఇప్పటికే తినేశాయి. బళ్లారిలో ఫుట్ పేరుతో మ్యూజియం వెలసింది, సంతోషమే. కానీ గొడ్డలి ఒక్కటే చూస్తే దాన్ని వాడారని తెలుస్తుంది. ఒకేచోట ఎన్నిసార్లు, ఎంత ఓపికగా నూరారో చెప్పేది గాళ్లు పడిన బండే. గొడ్డలిని మ్యూజియానికి తెచ్చుకోగలం, కొండను తేలేం. అందుకే ఆ బండలను ఉన్నచోటే, కొండతో సహా కాపాడుకోవాలి.