లోపల పెట్టే కరెంటు: రేడియం గొట్టాల కాలం నుంచి ఇప్పటిదాకా

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఎర్రగడ్డ అంటే మనోళ్లకు ఛాతీ ఆసుపత్రే గుర్తొస్తది. అక్కడ మెట్రో ఎక్కితే ఏడో స్టేషన్ లక్డీకాపూల్. ఆ దగ్గర్లోనే రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 1955లో మొదలైంది. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా చేసి, తర్వాత గుజరాత్ మొదటి గవర్నర్ అయిన మెహదీ నవాజ్ జంగ్ పేరు దానిది. ఒకప్పుడు దాని పేరులో ‘రేడియం ఇన్‌స్టిట్యూట్’ అనే మాట కూడా ఉండేది. గర్భసంచి మూతి క్యాన్సర్‌కి ఆ రేడియంతో ఏం పని అన్నదే ఈ పోస్టు.

రేడియంని క్యూరీ దంపతులు 1898లో కనిపెట్టారు. 1903లోనే న్యూయార్క్‌లో మార్గరెట్ క్లీవ్స్ అనే డాక్టరమ్మ దాన్ని ఈ క్యాన్సర్‌కి వాడింది. మన ఊళ్లల్లో రేడియేషన్‌ని ‘కరెంటు పెట్టడం’ అంటారు కదా. బయట నుంచి పెట్టొచ్చుగా, లోపల ఎందుకు? నెగడు దగ్గర కూర్చున్నోళ్లకి తెలుసు, కొంచెం వెనక్కి జరిగితే వేడి ఎంత తగ్గుద్దో. ఇదీ అంతే. దూరం రెట్టింపైతే డోసు దాదాపు నాలుగో వంతుకు పడిపోద్ది. గడ్డకి ఆనించి పెడితే గడ్డకి గట్టిగా తగులుద్ది, ముందున్న మూత్రసంచి, వెనకున్న పేగు కొంత తప్పించుకుంటాయి. అవి కూడా పక్కనే ఉంటాయి కాబట్టి లెక్క తప్పితే వాటికి దెబ్బ.

మొదట్లో లెక్క చాలా మోటుగా ఉండేది. 50 మిల్లీగ్రాముల రేడియం 100 గంటలు ఉంచితే 5000 మిల్లీగ్రామ్-గంటలు. ఎంత పెట్టారో తెలుస్తది గానీ ఎక్కడ ఎంత తగిలిందో తెలియదు. హాస్టల్ మెస్సులో ఎవరికైనా రెండు గరిటెలే అన్నట్టు! సన్నగా ఉన్నామెకి, పెద్ద గడ్డ ఉన్నామెకి ఒకటే లెక్క.

దీన్ని మార్చింది ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ వాళ్లు. 1938లో మార్గరెట్ టాడ్, మెరిడిత్ కలిసి ‘పాయింట్ ఏ’ అని ఒక చోటు గుర్తించారు. యోని పైకొస నుంచి 2 సెంటీమీటర్లు పైకి, గర్భసంచి మధ్య గీత నుంచి 2 సెంటీమీటర్లు పక్కకి. గర్భసంచి రక్తనాళం, మూత్రనాళం దాటుకునే చోటు అది. ఇక రేడియం ఎంత అని కాకుండా, ఆ చోటికి ఎంత తగలాలి అని చూడటం మొదలైంది. నా లెక్కలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే.

రేడియం గొట్టాలు చేత్తో పెట్టే డాక్టర్లకి, నర్సులకి కూడా రేడియేషన్ తగిలేది. అందుకే ముందు ఖాళీ గొట్టం పెట్టి, తర్వాత మందు ఎక్కించే పద్ధతి వచ్చింది. రేడియం పోయి సీసియం, తర్వాత ఇరీడియం వచ్చాయి. ఇరీడియం బలం 74 రోజులకి సగమైపోద్ది, అందుకే మూడు నాలుగు నెలలకోసారి కొత్తది తెప్పిస్తారు. ఇప్పుడు మిషనే దాన్ని లోపలికి పంపుద్ది. రోజులు పట్టేది నిమిషాల్లో అయిపోద్ది. 2005 తర్వాత స్కానింగ్‌లో గడ్డ మొత్తం చూసి, బయట కరెంటుతో కలిపి 85 గ్రే పైన తగిలేలా, పేగుకి హద్దు దాటకుండా ప్లాన్ వేసే పద్ధతి వచ్చింది. ఆ లెక్క వేసేది మెడికల్ ఫిజిసిస్ట్. ఫిజిక్స్ చదివేవాళ్లు ఈ ఉద్యోగం గురించి తెలుసుకోండి, ముంబై బార్క్‌లో దీనికి డిప్లొమా ఉంది.

ఈ క్యాన్సర్ పేరెత్తి ఖమ్మం మాట ఎత్తకపోతే తప్పు. 2009లో భద్రాచలం వైపు, మిగతా మండలాల్లో కలిపి సుమారు 14 వేల మంది ఆడపిల్లలకి దీని టీకా వేశారు. చాలామంది ఆశ్రమ హాస్టళ్ల పిల్లలు, అమ్మానాన్నల బదులు వార్డెన్లు సంతకం పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. అప్పుడు జరిగిన మరణాలకి టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది, కానీ 2013లో పార్లమెంటు కమిటీ ఆ పద్ధతినే గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే. అడక్కుండా వేయడం వేరే సంగతి.

ఇంకొకటి. బయట కరెంటు ఐదు వారాలు అయ్యేసరికి చాలామందికి రక్తం పోవడం ఆగుద్ది. తగ్గిపోయిందని ఊరికి వచ్చేయాలనిపిస్తది. కానీ మొత్తం డోసులో దాదాపు సగం లోపల పెట్టేదే, అంతా కలిపి ఎనిమిది వారాల్లోపు అయిపోవాలి. మీ ఊళ్లో ఎవరైనా మధ్యలో వచ్చేసుంటే లోపలి కరెంటుకి తేదీ ఇచ్చారా అని అడగండి. ఆరోగ్యశ్రీ కార్డు, పాత కాగితాలు తీసుకుని అదే ఆసుపత్రికి వెళ్లమనండి.