బుల్లెట్ కింద అట్టముక్క

మా నాచారం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా పార్కింగ్ ఎక్కడో వాచ్‌మన్‌ని అడగక్కర్లేదు. కింద అట్టముక్క ఉంటే అది నాదే. నాన్న కొన్న 1986 బుల్లెట్ అది. 2020 లాక్‌డౌన్ పుణ్యమా అని ఉప్పల్ ఆఫీసుకి వెళ్ళే పని తప్పింది, నేను ఏడాదిన్నర పాటు బండిని కదపలేదు. తప్పు అచ్చంగా నాదే. మళ్ళీ కిక్ కొట్టిన రోజు నుంచీ ఇంజిన్ ఆయిల్ కారడం మొదలు.

నా దగ్గరున్నవి నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవర్, పాత బ్లేడు. ప్యాకింగ్‌లు మార్చాను. గాజుపలక మీద ఎమరీ కాగితం పరిచి టాపెట్ కవర్‌ని రుద్ది చదును చేశాను. షెల్లాక్ పూసి బిగించాను. వారం తిరక్కుండానే ఇంకో చోట చుక్కలు! ఒక బగ్ ఫిక్స్ చేస్తే పక్క మాడ్యూల్లో ఇంకోటి లేచినట్టు.

అసలు ఈ ఇంజిన్‌కి ఈ జబ్బు ఎప్పటిదని చూస్తే కథ చాలా దూరం పోయింది. బుల్లెట్ అనే పేరు 1932 నాటిది. మనకి తెలిసిన రూపం 1940ల చివర్లో ఇంగ్లాండ్‌లోని రెడిచ్‌లో తయారైంది. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మొదట అక్కడి భాగాలు తెచ్చి ఇక్కడ బిగించేవారు, 1960ల మొదటికల్లా అన్నీ ఇక్కడే చేయసాగారు. రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. మన భాషలో చెప్పాలంటే ఒరిజినల్ రిపాజిటరీ పోయింది, ఫోర్క్ మాత్రం బతికింది.

ఆ డిజైన్లో క్రాంక్‌కేస్ నిలువుగా చీల్చిన రెండు చెక్కలు. నూనె టాంకీ కూడా అందులోనే. అంటే అతుకు నూనెలోనే ఉంటుంది. 1969లో వచ్చిన హోండా సీబీ750కి క్రాంక్‌కేస్‌ని అడ్డంగా చీల్చి, అతుకుని నూనె మట్టానికి పైన పెట్టారు. అప్పటి బ్రిటిష్ బళ్ళకి కారడం మామూలే. రాయల్ ఎన్‌ఫీల్డ్‌ని వాళ్ళే ‘రాయల్ ఆయిల్‌ఫీల్డ్’ అని వెక్కిరించేవారు.

మరి ఇక్కడ ఎవరూ ఎందుకు అడగలేదు? రాజ్‌దూత్, యెజ్డీ టూ స్ట్రోక్ బళ్ళు, వాటి ఆయిల్ పెట్రోల్లోనే కలిసి పొగైపోతుంది. 1985లో హీరో హోండా సీడీ100 వచ్చేదాకా పోల్చి చూడ్డానికి ఇంకో ఫోర్ స్ట్రోక్ మోటార్‌సైకిల్ మన రోడ్ల మీద దాదాపు లేదు. పైగా ‘కారట్లేదంటే ఆయిల్ అయిపోయిందన్నమాట’ అని జోకులేసుకుని మురిసిపోయాం. నాకైతే అది మురిసిపోవాల్సిన విషయంలా అనిపించదు. 1994లో ఐషర్ చేతికి వెళ్ళాక కూడా ఆ ఇనుప సిలిండర్ ఇంజిన్ చాన్నాళ్ళు నడిచింది. 2009లో కొత్త యూనిట్ ఇంజిన్‌తో క్లాసిక్ వచ్చాకే దానికి సెలవు దొరికింది.

ఇక నా బండి సంగతి. ఇంజిన్‌ని కిరసనాయిలుతో కడిగి, ఆరాక అమ్మ టాల్కం పౌడర్ చల్లి పది నిమిషాలు నడిపాను. నాలుగు చోట్ల దాదాపు ఒకేసారి పౌడర్ తడిసింది. నాలుగు ప్యాకింగ్‌లు ఒకే రోజు చెడతాయా? ఇండస్ట్రియల్ ఏరియాలో తెలిసిన లేత్ ఆయన్ని అడిగితే నవ్వాడు. "ప్యాకింగ్‌లు ఎన్ని మారిస్తే ఏం లాభం అన్నా? దానికి ఊపిరాడ్తలేదు."

నిజమే. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ 346 సీసీ గాలిని క్రాంక్‌కేస్‌లోకి నొక్కుతుంది. ఆ గాలి బ్రీదర్ గొట్టం చివరున్న బాతుముక్కు లాంటి రబ్బరు లోంచి బయటికి పోవాలి, తిరిగి లోపలికి రాకూడదు. నా బండికి ఆ రబ్బరు ఎండి బిగుసుకుపోయింది, గొట్టం నిండా నల్లటి మడ్డి. దారి లేని గాలి, దొరికిన ప్రతి అతుకులోంచీ నూనెని తోస్తోంది. నేనేమో అతుకులు బిగిస్తూ కూర్చున్నాను!

తీగతో గొట్టం శుభ్రం చేసి, కొత్త రబ్బరు పెట్టడానికి పావుగంట పట్టింది. రబ్బరు ధర రెండు టీలంత. నాలుగు చోట్లలో మూడు ఆరిపోయాయి.

అట్టముక్క మాత్రం ఇంకా తీయలేదు. నాలుగోది క్లచ్ వైపు ప్రైమరీ కవర్. అంత పెద్ద మూతకి మధ్యలో ఒకే ఒక్క నట్టు. కారుతోందని దాన్ని ఇంకా బిగిస్తే మూతే వంగుతుందట. నేను అప్పటికే రెండుసార్లు బిగించేశాను. ఆదివారం గాజుపలక మళ్ళీ బయటికి తీయాలి.