పాఠ్యపుస్తకం చాటున

విద్యార్థుల చరిత్ర అనగానే మనవాళ్ళు ఏ బడి ఎప్పుడు పెట్టారు, ఏ కాలేజీ ఎప్పుడు వచ్చింది, ఎంతమంది పాసయ్యారు అని లెక్కలు చెబుతారు. చదువుకునే ఆడపిల్ల పాఠ్యపుస్తకం చాటున ఏం చదివింది, ఏం విన్నది, ఏ సినిమాకి ఎవరి దయవల్ల వెళ్ళింది, ఇవి మాత్రం ఏ రిపోర్టులోనూ కనబడవు. నన్నడిగితే అసలు చదువు సగం అక్కడే జరిగింది.

మా అమ్మమ్మ బడికి వెళ్ళింది మూడో తరగతి దాకానే. 1928లో మద్రాసు నుంచి డాక్టరు కేసరిగారు ‘గృహలక్ష్మి’ మొదలుపెట్టాక ఆవిడకి మళ్ళీ చదువు దొరికింది. అంతకుముందు 1902లోనే ‘హిందూసుందరి’ పుట్టింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడ్డాక ఊరూరా గ్రంథాలయాలు వెలిశాయి. గొప్ప ఉద్యమమే, కాదనను. కాని మా ఊళ్ళో రీడింగు రూము బల్ల చుట్టూ కూర్చున్నది మగవాళ్ళే. ఆడవాళ్ళ దగ్గరికి పుస్తకమే నడిచి రావాలి. అదీ ఎవరో ఒకరు తెస్తేనే, తెచ్చేవాళ్ళకి నచ్చిందైతేనే. చలంగారి ‘మైదానం’ 1927లో వచ్చిందా, మా ఇంటి గడప తొక్కడానికి దానికి నలభై ఏళ్ళు పట్టింది. తొక్కాక కూడా చాలాకాలం బియ్యం డబ్బాలోనే కాపురం చేసింది.

నేను గుంటూరులో పి.యు.సి. చదివింది 1966లో. వారపత్రిక ఇంటికి రాగానే దానికో వరస ఉండేది. ముందు నాన్నగారు, తర్వాత అన్నయ్య, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అమ్మ. నా వంతు వచ్చేసరికి అట్ట ఊడి, మధ్య పేజీ పక్కింటికి పోయి ఉండేది. అదీగాక అవి రచయిత్రుల రోజులు. యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది ఆ దశాబ్దంలోనే. తర్వాతి భాగం కోసం నెల్లాళ్ళు కాచుకోవాలి. ఆ నెల్లాళ్ళూ రాజశేఖరం ఏమంటాడో, జయంతి ఏమంటుందో కాలేజీ రిక్షాలో మేమే రాసుకునేవాళ్ళం.

అద్దె పుస్తకాల షాపుకి మేం వెళ్ళకూడదు. చీటీ రాసి తమ్ముణ్ణి పంపేదాన్ని. రోజుకి పదిపైసలు అద్దె, వాడికి జీళ్ళు అదనం. ఒక్కోసారి నా చీటీ జేబులో పెట్టుకుని, కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌ని పట్టుకొచ్చేవాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ యుగంధర్ కూడా నన్ను బాగానే మేలుకునేలా చేశాడు.

ఇదంతా నవ్వులాట అనుకోకండి. మా వీధిలో ఒకమ్మాయి, నాకంటే మంచి మార్కులు తెచ్చుకునేది. ఒకరోజు ఆ పిల్ల జువాలజీ రికార్డులో నవల దొరికింది. ఆ సోమవారం నుంచి కాలేజీ మానిపించారు. మాఘమాసంలో పెళ్ళి చేసేశారు. అందులో ప్రేమలేఖ దొరికినా అంతకంటే ఏం చేస్తారు? ఆ వారమే మా అమ్మ నా పరుపు కింద పుస్తకం చూసింది. నా ప్రాణాలు పైనే పోయాయి. అటూ ఇటూ తిప్పి చూసి, “నాన్నగారు ఆఫీసు నుంచి వచ్చేలోగా నాకియ్యి, సాయంత్రానికి ఇచ్చేస్తా” అంది. నేను డిగ్రీ దాకా వెళ్ళానంటే ఆ ఒక్క మాట చలవే.

సినిమాల సంగతి వేరు. కోడూరి కౌసల్యాదేవిగారి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. నవల చదివితే చెడిపోతామన్న పెద్దలే అదే కథకి ఇంటిల్లిపాదినీ జట్కా కట్టించి తీసుకెళ్ళారు! కథ అదే అయినా, తెరమీద అందరితో కలిసి చూస్తే మర్యాద, ఒక్కర్తీ కూర్చుని చదివితే తప్పు. వాళ్ళ భయం కథని చూసి కాదు, ఆడపిల్ల ఒక్కర్తీ కూర్చోవడాన్ని చూసి అని నాకు చాలా ఏళ్ళకి అర్థమైంది.

అందుకే రేడియోకి అడ్డు లేదు, అది అందరికీ వినబడుతుంది గనక. విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి, గూటిలో పెట్టి, లేసు గుడ్డ కప్పి పూజించుకున్న పెట్టె అది. స్విచ్చి వేశాక వేడెక్కి గొంతు విప్పేదాకా ఆగాలి. పొద్దున్న భక్తిరంజని, ఎప్పుడైనా నాటకం, అన్నిటికంటే మించి సినిమా శబ్దచిత్రం. బొమ్మ లేకుండా సంభాషణలూ పాటలూ మాత్రమే వేసేవారు. సినిమాకి పంపని ఇళ్ళలో ఆడవాళ్ళు చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆ సినిమాలన్నీ ‘చూసేశారు’. చీరల రంగులు కూడా చెప్పేవారు.

టీవీ 1977లో హైదరాబాదుకి వచ్చింది గాని అప్పటికి నా చదువు అయిపోయింది.

ఇప్పుడు మా మనవరాలు ఇంజనీరింగు చదువుతోంది. పాఠమూ, పాటా, సినిమా, నవలా అన్నీ ఒక్క ఫోనులోనే. మేష్టారి పాఠాన్ని ఒకటిన్నర రెట్ల వేగంతో వింటుంది. చెవుల్లో ఏం మోగుతోందో పక్కన కూర్చున్న నాకే తెలీదు. నాకు అసూయగానే ఉంది, దాచడం దేనికి? తమాషా ఏమిటంటే ఆ ఫోనులోనూ సీరియల్ నవలలే చదువుతోంది. రేపటి భాగం కోసం కాచుకుంటోంది. “ఎప్పుడూ ఆ ఫోనేనా” అని మా కోడలు కేకేస్తే అచ్చం మా నాన్నగారి గొంతే!

మొన్న అలమర సర్దుతుంటే అమ్మ బైండు చేయించిన సీరియల్ ఒకటి బయటపడింది. పదిహేడో భాగం లేదు. పత్రిక తీసుకెళ్ళిన పక్కింటివాళ్ళకి బదిలీ అయి వెళ్ళిపోయారు. ఆ వారం కథని అమ్మ నలుగుర్నీ అడిగి, మిగతాది తానే కల్పించి, నాలుగు తెల్లకాగితాల మీద నీలం సిరాతో రాసి మధ్యలో కుట్టించింది. మనవరాలు ఆ నాలుగు పేజీలనీ ఫోనులో ఫోటో తీసుకుని హాస్టలుకి వెళ్ళింది. మిగతా నవల నా దగ్గరే ఉంది.