దీమం గొంతు

పాత తెలుగులో ‘దీమం’ అని ఒక మాట ఉంది. తన జాతివాటిని వేటగాని వద్దకు రప్పించడానికి మచ్చిక చేసి పెంచిన మృగాన్నో, పిట్టనో అలా పిలిచేవారు. నిఘంటువులో ఆ మాట కంటబడినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. పాపం, ఆ పిట్ట ద్రోహం ఎరుగదు. తోటివారిని పలకరిస్తున్నానని మాత్రమే అనుకొంటుంది. ఆ దీమం స్థానంలోకి మనిషి ఊపిరి వచ్చిన వైనం అమెరికా బాతుల వేట చరిత్రలో కనిపిస్తుంది.

అక్కడి వేటగాళ్ళు చాలాకాలం పెంపుడు బాతులను నీటిలో కట్టివేసి, వాటి కూతలతో ఆకాశాన పోయే అడవిబాతులను దింపేవారు. 1930ల కరవులో చిత్తడినేలలు ఎండి బాతుల సంఖ్య బాగా పడిపోయింది. 1935లో అక్కడి సమాఖ్య ప్రభుత్వం ప్రాణమున్న దీమాలను నిషేధించింది. ఇక మిగిలినవి బొమ్మబాతులూ, మనిషి గొంతూను.

ఊదే పీకలు అప్పటికే ఉన్నాయి. 1870లో ఈలమ్ ఫిషర్ ఒకదానికి పేటెంటు పొందాడు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని పీకిన్ ఊళ్ళో ఫిలిప్ ఓల్ట్ 1904లో నెలకొల్పిన సంస్థ గట్టి రబ్బరు పీకలకు పేరు పొందింది. ఒక గొట్టం, అందులో గాలికి అదిరే పలుచని రేకు: నిర్మాణం ఇంతే. మన సన్నాయికి దూరపు చుట్టమనుకోవచ్చు.

నిషేధం వచ్చిన మరుసటి ఏడే, 1936లో, ఆర్కన్సా రాష్ట్రంలో వరి పండే స్టట్‌గార్ట్ పట్టణంలో బాతుకూతల పోటీ మొదలయింది. తొలి విజేత మిసిసిపీ నుండి వచ్చిన థామస్ వాల్ష్. బహుమానం 6 డాలర్ల 60 సెంట్ల వేటకోటు. 1955, 1956 సంవత్సరాలలో మగవారిని ఓడించి పాట్ పీకాక్ అనే మహిళ ప్రపంచ విజేత అయింది. మల్లార్డ్ జాతిలో గట్టిగా ‘క్వాక్’ మనేది పెట్టబాతే. పోతుబాతు గొంతు బొంగురుగా, మెల్లగా ఉంటుంది. మగవారు అన్నేళ్ళూ అనుకరించింది ఆడగొంతునే గదా అని తలచుకొంటే ఆ గెలుపు నాకు మరింత ముచ్చటగా తోస్తుంది.

ఒక మిత్రుడిచ్చిన పీకను నేనూ ఊది చూశాను. మేకపిల్ల అరిచింది! బుగ్గలతో ఊదడమే నా తప్పు. ఊపిరి పొట్టలోంచి రావాలి, అద్దం మీద ఆవిరి పట్టించేటంత వెచ్చగా. కూత చివర కత్తిరించినట్లు తెగాలి. ఒక్క కూత శుద్ధంగా పలికిన తరువాతే, అయిదారు కూతలు క్రమంగా దిగివచ్చే పలకరింపు. ఆ పిమ్మటే మేతవేళ చేసే గలగల. సరళీస్వరాలు రానిదే వర్ణం ఎత్తుకోరాదు గదా!

అన్నిటికన్నా కష్టమైన పాఠం మౌనం. బాతులు తోకలు చూపి దూరమవుతుంటే పిలవాలి. ఇటు తిరిగి వస్తున్నప్పుడు ఊరుకోవాలి. పోటీలో మెప్పు పొందిన కూత మడుగులోనూ చెల్లుతుందన్న భరోసా లేదు. పోటీలో వినేది మనుషులు, మడుగు మీద వినేది బాతులు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 నాటి సవరణ ఈ వేటకు తలుపులు మూశాయి. అది మంచిదే. అయినా ఒక విషయం ఒప్పుకోక తప్పదు. దీమాన్ని కట్టివేసినవానికి బాతు భాష రానక్కరలేదు. పీక పట్టినవాడు మాత్రం ముందు వినడం నేర్వాలి, తాను చేస్తున్నదేమిటో తెలిసి చేయాలి. నా పీక ఇప్పుడు సొరుగులో ఉంది. శీతాకాలంలో కొల్లేటికి వచ్చే సూదితోక బాతుల దగ్గరకు వెళ్ళినప్పుడు దానిని తీసుకుపోను. చెవులు చాలు.