జ్ఞాపకం ఒకటి చెప్పింది, నోటుపుస్తకం ఇంకోటి చెప్పింది

ప్రొడక్షన్‌లో ఏదైనా కూలిపోతే మనం ముందు తెరిచేది లాగ్. "నేనసలు ఆ సర్వర్ ముట్టుకోలేదండీ", "నిన్న సాయంత్రం దాకా బాగానే పనిచేసింది" లాంటివి ఫోన్లో ఎన్నైనా వింటాం. వాళ్ళు అబద్ధాలాడుతున్నారని కాదు. మనిషి జ్ఞాపకం అంతే, ఖాళీలున్న చోట తనకి తోచింది నింపేసుకుంటుంది. పదేళ్ళు సపోర్టు చేసి నేను నేర్చుకున్న ఈ ముక్క క్రిమినల్ లాయర్లకి ఎప్పట్నుంచో తెలుసు. ఆ మధ్య ఇంగ్లండులో డాక్టర్ల మీద నడిచిన పాత కేసుల గురించి చదువుతుంటే అర్థమైంది.

మనకి బారిస్టర్ అంటే గాంధీగారో, ప్రకాశం పంతులుగారో గుర్తొస్తారు. ఇంగ్లండులో ఇప్పటికీ లాయర్లు రెండు రకాలు. క్లయింటుతో మాట్లాడి కాగితాలు సిద్ధం చేసేది సొలిసిటర్, పైకోర్టులో నిలబడి వాదించేది ప్రధానంగా బారిస్టర్. డాక్టర్ మీద ఆరోపణ వస్తే అక్కడ రెండు గడపలుంటాయి. ఒకటి కోర్టు, జైలుకి పంపేది. రెండోది 1858 నాటి చట్టంతో పుట్టిన జనరల్ మెడికల్ కౌన్సిల్. ఇది జైలుకి పంపదు, కానీ రిజిస్టర్లోంచి పేరు కొట్టేస్తుంది. పేరు లేకపోతే వైద్యం చేసుకుని బతకడానికి లేదు. ఈ రెండు గడపల దగ్గరా లాయర్లు వాదిస్తారు, కానీ ప్రశ్నలు వేరు. "ఈయన ఆ నేరం చేశాడని రుజువైందా?" అని కోర్టు అడుగుతుంది. "ఈయన చేతికి రేపు ఇంకో రోగిని అప్పగించొచ్చా?" అని కౌన్సిల్ అడగాలి.

మొదటి కథ డాక్టర్ జాన్ బాడ్కిన్ ఆడమ్స్‌ది. ఈస్ట్‌బర్న్ అనే సముద్రతీరపు ఊళ్ళో ధనవంతులైన ముసలివాళ్ళకి డాక్టరు. 130 మందికి పైగా రోగులు వీలునామాల్లో ఈయనకి ఏదో ఒకటి రాసిచ్చారు! ఊరంతా గుసగుసలు. చివరికి 1950లో 81 ఏళ్ళ వయసులో పోయిన మిసెస్ మొరెల్ అనే ఆవిడని మార్ఫిన్, హెరాయిన్ ఇచ్చి చంపాడని 1957 మార్చిలో లండన్ ఓల్డ్ బెయిలీలో హత్య కేసు నడిచింది. అప్పట్లో హత్యకి ఉరిశిక్ష ఇంకా పూర్తిగా పోలేదు. ప్రభుత్వం తరఫున వాదించింది సాక్షాత్తూ అటార్నీ జనరల్ రెజినాల్డ్ మానింగ్‌హామ్-బుల్లర్. డిఫెన్సు తరఫున జెఫ్రీ లారెన్స్. ఈయనకి ఆస్తుల కేసులు, విడాకుల కేసులు బాగా అలవాటు, క్రిమినల్ కోర్టులు పెద్దగా కావు.

ప్రాసిక్యూషన్ లెక్క ఏమిటంటే, డాక్టరు రాసిన ప్రిస్క్రిప్షన్లన్నీ కలిపితే ఇంత మందు, అదంతా ఆవిడ ఒంట్లోకి వెళ్ళింది, కాబట్టి చంపాలనే ఇచ్చాడు. దీనికి తోడు ఆరేళ్ళ కిందటి సంగతులు గుర్తు తెచ్చుకుని చెప్పిన నర్సుల సాక్ష్యం.

విచారణ రెండో రోజు లారెన్స్ క్రాస్ ఎగ్జామినేషన్‌కి లేచాడు. గొంతు పెంచలేదు. మీరు చేసిన ప్రతి పనీ అప్పటికప్పుడు రాసేవారా? రాసేవాళ్ళం. ముఖ్యమైంది ఏదీ వదిలేవారు కాదు కదా? కాదు. ఇప్పటి జ్ఞాపకం కన్నా అప్పటి రాతే నమ్మదగింది కదా? అవును. ఇలా అన్ని తలుపులూ మూసేశాక, ఆ నర్సులే 1949, 50ల్లో రాసిన నోటుపుస్తకాలు బయటికి తీశాడు. ఎనిమిది పుస్తకాలు! అవి డిఫెన్సు దగ్గరున్నాయని అటార్నీ జనరల్‌కి అప్పటిదాకా తెలియదు.

ఇంకేముంది, నర్సులు బోనులో చెప్పినదానికీ అప్పట్లో తాము రాసినదానికీ పొంతన కుదరలేదు. ప్రిస్క్రిప్షన్లు కలిపి వేసిన లెక్క కన్నా పుస్తకంలో ఉన్న ఇంజెక్షన్లు తక్కువ. మన భాషలో చెప్పాలంటే, కొన్న లైసెన్సులు లెక్కపెట్టి వాడకం అనుకున్నారన్నమాట. ప్రాసిక్యూషన్ వైద్య నిపుణుడు బోనులోనే తన సిద్ధాంతం మార్చుకోవాల్సి వచ్చింది. ఆడమ్స్ అసలు బోనెక్కలేదు. 17 రోజుల విచారణ తర్వాత జ్యూరీ 44 నిమిషాల్లో నిర్దోషి అని తేల్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. అదే జులైలో వేరే కేసులో ఆడమ్స్ 14 నేరాలు ఒప్పుకున్నాడు. దొంగ ప్రిస్క్రిప్షన్లు, దహనానికి అనుమతి కోరే ఫారాల్లో అబద్ధాలు (రోగి చనిపోతే తనకి వచ్చేదేమీ లేదని రాయడం), మాదకద్రవ్యాల రికార్డులు సరిగ్గా పెట్టకపోవడం వగైరా. 2,400 పౌండ్ల జరిమానా పడింది. నవంబరులో కౌన్సిల్ పేరు కొట్టేసింది. 1961లో మళ్ళీ చేర్చుకుంది. నిజంగా ఏం జరిగిందన్న దాని మీద పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. ఆ విచారణ నడిపిన జడ్జి డెవ్లిన్ కూడా 1985లో ఒకటి రాశాడు.

ఇక రెండో కథ. 1976లో ఇంకో కుర్ర డాక్టరు దొంగ ప్రిస్క్రిప్షన్లతో పెథిడిన్ సంపాదించి తనే వాడుకుంటూ దొరికిపోయాడు. కోర్టు 600 పౌండ్ల జరిమానా వేసింది. చికిత్స చేయించుకున్నాడు, సైకియాట్రిస్టులు బాగానే ఉన్నాడని రాశారు. కౌన్సిల్ పేరు కొట్టలేదు, హెచ్చరిక ఉత్తరం పంపి ఊరుకుంది. అతని పేరు హెరాల్డ్ షిప్‌మన్.

మరుసటి ఏడాది మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే ఊళ్ళో చేరాడు. 1998 మార్చిలో పక్క క్లినిక్ డాక్టరమ్మ ఒకావిడ ఈయన పేషెంట్లు మరీ ఎక్కువగా పోతున్నారని అధికారులకి చెప్పింది. పోలీసులు చూసి ఏమీ లేదని మూసేశారు. కనీసం ఇతనికి పాత నేరచరిత్ర ఉందా అని వెతకలేదు, కౌన్సిల్‌నీ అడగలేదు. ఆ విచారణ సరిగ్గా జరిగుంటే చివరి ముగ్గురు బహుశా బతికేవారని తర్వాత వేసిన కమిషన్ తేల్చింది.

ప్రెస్టన్ కోర్టులో ప్రాసిక్యూషన్ నడిపిన బారిస్టర్ రిచర్డ్ హెన్రిక్స్. క్రిమినల్ లాలోనే పండిపోయిన మనిషి. ఇక్కడ నోటుపుస్తకం కంప్యూటరైంది. షిప్‌మన్ ఒక పేషెంటు చనిపోయిన రోజే ఆవిడకి గుండెజబ్బు లక్షణాలున్నాయని, అంతకు ముందు ఏడాది ఆగస్టు తేదీ వేసి రికార్డులో ఎక్కించాడు. తేదీ మారిస్తే సరిపోతుందనుకున్నాడు పాపం. ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి ఎంట్రీ నిజంగా ఎప్పుడు కొట్టారో వెనకాల గంటా నిమిషాలతో సహా రాసుకుంటోంది. పోలీసులు అడిగితే గుర్తులేదన్నాడు. 2000 జనవరి 31న 15 హత్యలకి యావజ్జీవం పడింది. 1975 నుంచి 1998 దాకా 215 మందిని చంపాడని జానెట్ స్మిత్ కమిషన్ 2002లో లెక్క తేల్చింది.

అప్పటికప్పుడు రాసిన రాత 1957లో ఒక డాక్టర్ని ఉరికంబం దాకా వెళ్ళకుండా ఆపింది. 2000లో ఇంకో డాక్టర్ని జైల్లో పెట్టింది. రాతకి పక్షపాతం లేదు. కానీ నన్ను వదలనిది మధ్యలో ఉన్న మూడో రాత, 1976 నాటిది. అదీ రికార్డే, కోర్టులో ఉంది, కౌన్సిల్ ఫైల్లో ఉంది. 1998లో కావలసినప్పుడు తెరిచినవాడు లేడు. 1976లో ఎవరూ జోస్యం చెప్పలేరు, ఒప్పుకుంటాను. కానీ 22 ఏళ్ళ తర్వాత అనుమానం వచ్చినప్పుడైనా తీసి చూడాలి కదా!

కౌన్సిల్ రోగుల కన్నా డాక్టర్లని కాపాడుకోవడం మీదే ఎక్కువ దృష్టి పెట్టిందని కమిషన్ 2004లో గట్టిగానే మందలించింది. ఆ తర్వాత మార్పులొచ్చాయి. 2008 నుంచి కౌన్సిల్ విచారణల్లో క్రిమినల్ కోర్టు స్థాయి రుజువు అక్కర్లేదు, సివిల్ కోర్టు స్థాయి చాలు. 2012లో తీర్పు చెప్పే పని వేరే ట్రిబ్యునల్‌కి అప్పగించారు. అదే ఏడాది నుంచి డాక్టర్లు తమ అర్హతని ఎప్పటికప్పుడు మళ్ళీ నిరూపించుకోవాలి. చికిత్స చేసిన డాక్టరు రాసిన మరణ కారణాన్ని ఇంకో స్వతంత్ర డాక్టరు చూడాలన్న నియమం మాత్రం అన్ని మరణాలకీ అమలయ్యేసరికి 2024 సెప్టెంబరు అయింది. షిప్‌మన్‌కి శిక్ష పడిన 24 ఏళ్ళకి!

మనవాళ్ళలో చాలామంది ఆస్పత్రుల సాఫ్ట్‌వేర్, ఇన్సూరెన్స్ సాఫ్ట్‌వేర్ రాస్తుంటారు. "ఈ ఆడిట్ టేబుల్ ఎవరు చూస్తారండీ, తీసేద్దాం, పెర్‌ఫార్మెన్స్ పెరుగుతుంది" అని డిజైన్ మీటింగులో ఎవరో ఒకరు అంటారు. నేనూ అన్నాను ఒకప్పుడు. ఇప్పుడైతే ఉంచమంటాను. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను, దాన్ని ఎవరు చదువుతారు, ఎప్పుడు చదువుతారు అని. మీరేమంటారు?