ఇంట్లోనే 12×18 ఫొటోలు ప్రింట్ చేద్దామనుకుంటున్నారా? ప్రింటర్ రేటు కాదు.. ముందు ఇంక్ లెక్క చూస్కోండి!

* 12×18 ఫొటో ఏ3 ప్రింటర్‌లో పట్టదు.. ఏ3 ప్లస్ ఉండాల్సిందే
* 4×6 ఫొటోతో పోలిస్తే 12×18కి 9 రెట్లు ఇంక్
* నెలకు ఎన్ని ప్రింట్లు తీస్తే గిట్టుబాటు? సింపుల్ లెక్క ఇదే
* ఎండాకాలంలో వాడకుండా వదిలేస్తే హెడ్ జామ్ అయ్యే ప్రమాదం

పెళ్లి అయిపోయింది. ఫోన్ నిండా ఫొటోలున్నాయి. గోడకు తగిలించుకోవడానికి ఒక్క పెద్ద ఫొటో కావాలంటే మాత్రం బస్సెక్కి టౌన్‌కి పోవాలి. శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి లాంటి మండల కేంద్రాల్లో చాలామంది పెద్ద ప్రింట్ అనగానే ధర్మవరం, హిందూపురం, అనంతపురం వైపే చూస్తారు. ఒక రోజు ఫొటో ఇవ్వడానికి, ఇంకో రోజు తెచ్చుకోవడానికి.. రెండు ట్రిప్పులు.

అందుకే "ఆ ప్రింటర్ ఏదో మనమే పెట్టుకుంటే పోలా?" అనే ఆలోచన వస్తుంది. ఇంట్లో ఫొటోలకు పనికొస్తుంది, ఊళ్లోవాళ్లకు ప్రింట్లు తీసిస్తే నాలుగు డబ్బులు కూడా వస్తాయి. ఆలోచన బాగానే ఉంది. కానీ చీటీ పాడుకున్న డబ్బో, డ్వాక్రా లోనో పెట్టి ప్రింటర్ కొని, ఆరు నెలలకే దాన్ని మూలన పెట్టాల్సి వస్తే? అలా కాకూడదంటే కొనేముందే కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

ముందు సైజు సంగతి

షాపులో "ఇది ఏ3 ప్రింటర్, పెద్ద ఫొటోలు వస్తాయి" అని చెప్తారు. ఇక్కడే చాలామంది పొరపాటు పడేది. ఏ3 పేపర్ సైజు 297×420 మిల్లీమీటర్లు. అంగుళాల్లో చూస్తే 11.7×16.5. మన దగ్గర గోడ ఫొటోలకు, ఆల్బమ్‌లకు ఎక్కువగా వాడే 12×18 సైజు ఇందులో పట్టదు. దానికి ఏ3 ప్లస్ ప్రింటర్ కావాలి. ఏ3 ప్లస్ పేపర్ 329×483 మిల్లీమీటర్లు, అంటే 13×19 అంగుళాలు. చుట్టూ అర అంగుళం అంచు మిగులుతుంది.

ఇంతకంటే పెద్దవి కావాలంటే 17 అంగుళాల ప్రింటర్లు ఉన్నాయి. వాటిలో ఏ2 సైజు దాకా వస్తుంది. కానీ ప్రింటర్ రేటు, పేపర్ రేటు రెండూ బాగా పెరిగిపోతాయి. ఇంటికైతే ఏ3 ప్లస్ చాలు. ఇంకో మాట. ఊళ్లో ఫంక్షన్లకు కట్టే ఫ్లెక్సీలు ప్రింట్ చేసే మెషిన్లు పూర్తిగా వేరే. ఫొటో ప్రింటర్‌తో ఫ్లెక్సీ పని జరగదు.

ప్లేస్ కూడా కొలుచుకోండి. ఏ3 ప్లస్ ప్రింటర్ వెడల్పు మోడల్‌ను బట్టి మారుతుంది. పేపర్ వెనక నుంచి వెళ్లి ముందుకు వస్తుంది కాబట్టి ముందూ వెనకా ఖాళీ ఉండాలి.

ట్యాంకా? కార్ట్రిడ్జా?

ఇంక్ ఖర్చు మొత్తం ఈ ఒక్క నిర్ణయం మీదే ఉంటుంది. ఎప్సన్ ఎల్18050 లాంటి ఇంక్ ట్యాంక్ మోడల్‌లో 6 రంగుల బాటిళ్లు పోస్తారు. ఒక్కో బాటిల్ 70 మిల్లీలీటర్లు. కెనాన్ పిక్స్మా ప్రో-200 లాంటి మోడల్‌లో 8 రంగుల కార్ట్రిడ్జులు ఉంటాయి. ఒక్కోదాంట్లో ఉండేది 12.6 మిల్లీలీటర్లే. క్వాలిటీ విషయంలో ప్రో-200 ఫొటోగ్రాఫర్ల కోసం చేసిన మెషిన్. కానీ రోజూ ప్రింట్లు తీసేవాళ్లకు కార్ట్రిడ్జుల ఖర్చు బరువవుతుంది.

పోల్చడం ఎలా అంటే.. బాటిల్ లేదా కార్ట్రిడ్జ్ ధరను అందులోని మిల్లీలీటర్లతో భాగించండి. ఒక్క మిల్లీలీటర్ ఎంత పడుతుందో వస్తుంది. ఉదాహరణకు 70 మిల్లీలీటర్ల బాటిల్ 800 రూపాయలు అనుకుందాం. మిల్లీలీటర్‌కు 11 రూపాయల పైచిలుకు. అదే 12.6 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్ 1,500 అనుకుంటే మిల్లీలీటర్‌కు దాదాపు 119 రూపాయలు. పది రెట్లు తేడా!

నాలుగు రంగులా? ఆరు రంగులా?

ఆఫీసు పనికి చేసిన ఏ3 ప్లస్ ట్యాంక్ ప్రింటర్లలో నాలుగు రంగులే ఉంటాయి. ఎప్సన్ ఎల్15150 అలాంటిదే. జిరాక్స్, స్కాన్, బిల్లులకు అది భేషుగ్గా పనికొస్తుంది. ఫొటోలకు మాత్రం ఆరు రంగుల మెషిన్ మేలు. అదనంగా ఉండే లైట్ సయాన్, లైట్ మెజెంటా వల్ల ముఖం మీద నీడలు, లేత రంగులు చుక్కలు చుక్కలుగా కనపడకుండా నున్నగా వస్తాయి.

ధర్మవరం పట్టుచీరల ఫొటోలు ప్రింట్ చేసి కస్టమర్‌కు చూపించాలనుకునేవాళ్లు ఇది మరీ గమనించాలి. చీర రంగు ఒకటి, ఫొటోలో రంగు ఒకటి అయితే బేరం పోతుంది. జరీ మెరుపు ఏ ప్రింటర్‌లోనూ ఉన్నది ఉన్నట్టు రాదు. కానీ మెరూన్‌కీ ఎరుపుకీ, నెమలికంఠం రంగుకీ ఆకుపచ్చకీ తేడా తెలియాలంటే సరైన ఇంక్, సరైన పేపర్, డ్రైవర్‌లో సరైన పేపర్ టైప్ సెట్టింగ్.. మూడూ కుదరాలి.

ఇంక్‌లో రెండు రకాలున్నాయి. డై ఇంక్ గ్లాసీ పేపర్ మీద మెరుపుగా వస్తుంది, ఖర్చు తక్కువ. ఎండ, తడి తగిలితే మాత్రం తొందరగా పాడవుతుంది. పిగ్మెంట్ ఇంక్ ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ ఫొటో క్వాలిటీ పిగ్మెంట్ మెషిన్లు ఖరీదు ఎక్కువ. డై ఇంక్ ఫొటోను అద్దం ఉన్న ఫ్రేమ్‌లో పెట్టి, నేరుగా ఎండ పడని గోడకు తగిలిస్తే చాలాకాలం బాగుంటుంది.

అసలు లెక్క ఇదీ

ఇంక్ ఖర్చు ఫొటో వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. 4×6 ఫొటో అంటే 24 చదరపు అంగుళాలు. 12×18 అంటే 216. సరిగ్గా తొమ్మిది రెట్లు. చిన్న ఫొటోకు రెండు రూపాయల ఇంక్ పడితే, పెద్ద ఫొటోకు 18 రూపాయలు.

డబ్బా మీద రాసి ఉండే "ఇన్ని వేల పేజీలు" అనే అంకెను చూసి మోసపోవద్దు. అది సాధారణంగా అక్షరాలు, చిన్న బొమ్మలు ఉన్న ఏ4 డాక్యుమెంట్ పేజీల లెక్క. ఫొటోలో పేపర్ మొత్తం ఇంకే. అలాగే కొత్త ప్రింటర్‌తో వచ్చే మొదటి సెట్ ఇంక్‌లో కొంత పైపులు నింపడానికే పోతుంది. ఆ సెట్‌కు ప్రింట్లు తక్కువ వస్తే కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు మొత్తం లెక్క. కింద ఉన్న ధరలు ఉదాహరణ కోసమే. మీరు కొనే రోజు ధరలు పెట్టి ఇలాగే వేసుకోండి.

* ప్రింటర్ ధర: 60,000 రూపాయలు. మూడేళ్లు పనిచేస్తుందనుకుంటే నెలకు 1,667
* ఒక 12×18 ప్రింట్‌కు ఇంక్: 18 రూపాయలు
* పేపర్: 40 రూపాయలు
* పాడైన ప్రింట్లు, హెడ్ క్లీనింగ్‌కు పోయే ఇంక్: సుమారు 10 శాతం, అంటే 6 రూపాయలు
* మొత్తం: ప్రింట్‌కు 64 రూపాయలు

ఇదే ప్రింట్‌కు ల్యాబ్‌లో 120 రూపాయలు తీసుకుంటారనుకుందాం. అప్పుడు ఇంట్లో తీస్తే ఒక్కోదానికి 56 రూపాయలు మిగులుతుంది. 1,667ను 56తో భాగిస్తే దాదాపు 30. అంటే నెలకు 30 పెద్ద ప్రింట్లు తీస్తేనే ప్రింటర్ డబ్బు తిరిగొస్తుంది.

నెలకు పది మాత్రమే తీస్తే? ప్రింటర్ ఖర్చు కలిపి ఒక్కో ఫొటో 231 రూపాయలు పడుతుంది. ల్యాబ్ రేటుకు దాదాపు రెట్టింపు! అదే నెలకు 60 తీస్తే ఒక్కోటి 92 రూపాయలకే వస్తుంది. మెషిన్ అదే, ఇంక్ అదే. తేడా అంతా ఎన్ని ప్రింట్లు తీస్తున్నామన్న దాంట్లోనే ఉంది.

మన ఎండలతో జాగ్రత్త

ఉమ్మడి అనంతపురం ప్రాంతం దేశంలోనే వర్షాలు తక్కువ పడే ప్రాంతాల్లో ఒకటి. గాలిలో తేమ తక్కువగా ఉంటే, ప్రింట్ హెడ్‌లోని సన్నటి రంధ్రాల దగ్గర ఇంక్ తొందరగా ఎండిపోతుంది. ఆ తర్వాత ఫొటో మీద గీతలు పడతాయి. గీతలు పోవాలంటే హెడ్ క్లీనింగ్ చేయాలి. ప్రతి క్లీనింగ్‌కూ ఇంక్ ఖర్చే. అంటే ప్రింటర్ వాడకపోయినా ఇంక్ అయిపోతుందన్నమాట.

దీనికి ఏం చేయాలంటే..

* వారానికి ఒకసారైనా అన్ని రంగులూ ఉన్న చిన్న 4×6 ఫొటో ఒకటి తీయండి
* గీతలు కనిపిస్తే ముందు నాజిల్ చెక్ తీయండి, దానికి ఇంక్ చాలా తక్కువ పడుతుంది. రంగు తెగినట్టు కనపడితేనే క్లీనింగ్
* రెండు మూడు సార్లు చేసినా పోకపోతే కొన్ని గంటలు వదిలేసి మళ్లీ చూడండి. వరసపెట్టి చేస్తూ పోతే ఇంకే దండగ
* పవర్ క్లీనింగ్ ఆఖరి ప్రయత్నం మాత్రమే. అది ట్యాంక్‌లోని ఇంక్ చాలా లాగేస్తుంది
* ప్రింటర్‌ను దాని బటన్‌తోనే ఆఫ్ చేయండి, గోడ స్విచ్‌తో కాదు. బటన్‌తో ఆపితేనే హెడ్ తన చోటికి వెళ్లి మూత పడుతుంది
* కరెంట్ పోయే చోట చిన్న యూపీఎస్ ఉండటం మంచిది
* ఫ్యాన్ గాలి, కిటికీ ఎండ నేరుగా తగలనివ్వొద్దు. 44వ నంబర్ హైవే పక్క ఇళ్లలో దుమ్ము ఎక్కువ, కాబట్టి పని అయ్యాక గుడ్డ కప్పండి
* పేపర్‌ను ట్రేలో వదిలేయకుండా కవర్‌లోనే పెట్టండి

ఇంక్ మిగిల్చే చిట్కాలు

1. పెద్ద ప్రింట్ తీసేముందు అదే ఫొటోలో ముఖం ఉన్న భాగాన్ని 4×6లో తీసి చూడండి. రంగు తప్పైతే తొమ్మిదో వంతు ఖర్చుతోనే తెలిసిపోతుంది.

2. ఫోన్ బ్రైట్‌నెస్ ఫుల్‌గా పెట్టి ఫొటో ఎడిట్ చేయొద్దు. స్క్రీన్ మీద వెలుగ్గా ఉన్నది పేపర్ మీద నల్లగా వస్తుంది. సగానికి తగ్గించి చూడండి.

3. బోర్డర్‌లెస్ ఆప్షన్‌లో పేపర్ అంచు దాటి కూడా ఇంక్ పడుతుంది. అదంతా వృథా. 13×19 పేపర్ మీద 12×18 తీసి కట్టర్‌తో అంచు కోసేయండి.

4. చిన్న ఫొటోలుంటే ఒక్క 13×19 షీట్‌లో తొమ్మిది 4×6 ఫొటోలు సర్దొచ్చు.

5. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోను పెద్దది చేయొద్దు. దాని పొడవు సుమారు 1,600 పిక్సెల్స్ ఉంటుంది. 18 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 90 పిక్సెల్స్ కూడా రావు, మసకగా కనపడుతుంది. 12 మెగాపిక్సెల్ ఒరిజినల్ అయితే 220 దాకా వస్తాయి, గోడ ఫొటోకు సరిపోతుంది. అందుకే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.

డూప్లికేట్ ఇంక్, కప్పుల ఇంక్.. వద్దు

మార్కెట్‌లో సగం ధరకే దొరికే లూజ్ ఇంక్ చూసి ఆశపడేవాళ్లు చాలామందే. అది వేస్తే రంగులు మారిపోవచ్చు, హెడ్ పాడైతే వారంటీ దగ్గర ఇబ్బంది వస్తుంది. హెడ్ మార్చాలంటే అయ్యే ఖర్చు ముందు ఇంక్‌లో మిగిలింది ఏ మూలకూ చాలదు. అలాగే మగ్గులు, టీషర్టుల కోసం వాడే సబ్లిమేషన్ ఇంక్‌ను ఫొటో ప్రింటర్‌లో పోయొద్దు. ఒకసారి పోశాక మళ్లీ ఫొటో ఇంక్‌కు మారడం తేలిక కాదు. ఆ పనికి వేరే మెషిన్ ఉండాల్సిందే.

షాపులో అడగాల్సిన ప్రశ్నలు

* వారంటీ ఎన్నాళ్లు? చాలా మోడళ్లకు "ఏడాది లేదా ఇన్ని ప్రింట్లు, ఏది ముందైతే అది" అనే షరతు ఉంటుంది
* ప్రింట్ హెడ్‌కు వారంటీ ఉందా?
* రిపేర్‌కు మనిషి ఇంటికి వస్తారా, లేక మనమే మోసుకెళ్లాలా? దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉంది?
* క్లీనింగ్‌లో పోయిన ఇంక్ చేరే మెయింటెనెన్స్ బాక్స్‌ను మనమే మార్చుకోవచ్చా? కొన్ని మోడళ్లలో లోపల ప్యాడ్ ఉంటుంది, దాన్ని సర్వీస్ సెంటర్‌లోనే మార్చాలి
* ఆరు రంగుల బాటిళ్లూ విడివిడిగా, ఎప్పుడూ స్టాక్ ఉంటాయా?
* 260 లేదా 270 జీఎస్ఎం ఆర్‌సీ పేపర్ 13×19 సైజులో దొరుకుతుందా?

వీలైతే మీ ఫొటో పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి డెమో ప్రింట్ అడగండి. ముఖం రంగు, నలుపు జుట్టు, తెల్ల పంచె.. ఈ మూడూ సరిగ్గా వచ్చాయో లేదో వెలుతుర్లో చూడండి.

మరి కొనాలా? వద్దా?

ఒక నోట్‌బుక్ తీసుకోండి. మూడు నెలల పాటు మీ ఇంట్లో, చుట్టుపక్కలవాళ్లకు, తెలిసినవాళ్లకు ఎన్ని పెద్ద ఫొటోలు అవసరమయ్యాయో రాయండి. ముహూర్తాలున్న నెల, లేని నెల రెండూ అందులో ఉండేలా చూసుకోండి. సగటున మీ లెక్క ప్రకారం వచ్చిన సంఖ్య దాటితే ధైర్యంగా కొనొచ్చు. దాని దరిదాపుల్లో ఉంటే పాస్‌పోర్ట్ ఫొటోలు, చిన్న ప్రింట్లు కూడా కలుపుకుంటే సరిపోతుందేమో చూడండి. అందులో సగం కూడా రాకపోతే టౌన్‌లో ల్యాబ్‌కి ఇవ్వడమే చవక. నాలుగు ఇళ్లవాళ్లు కలిపి ఒకేసారి పంపితే బస్సు ఛార్జీ కూడా కలిసొస్తుంది.