కారుకు సోకులు: ఏది చేయించవచ్చు, ఏది చిక్కు తెస్తుంది

కారు ఇంటికొచ్చిన మర్నాటి నుంచే కుర్రాళ్లకు మాడిఫికేషన్ ధ్యాస మొదలవుతుంది. ఒక నెల జీతంలో అల్లాయ్ చక్రాలు, ఇంకో నెల స్పీకర్లు, పండక్కి కొత్త లైట్లు. హైదరాబాద్‌లో అయితే ఆదివారం వస్తే రాణిగంజ్ దుకాణాలు, లేదంటే తెలిసిన మెకానిక్ షెడ్డు. ఇంట్లో అమ్మీ గొడవంతా ఖర్చు గురించే. అసలు చిక్కు మాత్రం చట్టంతో, బీమాతో.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే తేల్చి చెప్పింది. ఆ ఏడాది సవరణతో శిక్ష కూడా చేరింది: అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇది బండి యజమానికి పడే శిక్ష. సరదా కొడుకుదైనా, ఆర్‌సీ అబ్బా పేరు మీద ఉంటే పోలీసులు అడిగేది ఆయన్నే.

సీటు కవర్లు, మ్యాట్లు, స్టీరియోకు ఇబ్బంది లేదు. రంగు మార్చితే ఆర్‌సీలో ఎక్కించాలి. ఇంజిన్ మార్చాలంటే ముందే ఆర్టీఏ అనుమతి కావాలి. సీఎన్‌జీ కిట్ ఆమోదం ఉన్నదే బిగించాలి, అదీ ఆర్‌సీలో చేరాలి.

అద్దాల సంగతి చాలామందికి తెలిసీ తెలియనట్టే ఉంటుంది. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. నల్ల ఫిల్ములు వద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. పర్దా కోసమన్నా మినహాయింపు లేదు. ముందువైపు బిగించే ఇనుప గార్డు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, కానీ గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లకు అడ్డుపడవచ్చు. 2017 డిసెంబరులో కేంద్రం వీటిపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది.

షెడ్డులో ఎవరూ చెప్పనిది వైరింగ్ గురించి. 55/60 వాట్ల హెడ్‌లైటు ఉన్నచోట, రిలే లేకుండా పాత తీగలకే 90/100 వాట్ల బల్బు పెడితే హోల్డరు కరిగిపోతుంది, ఒక్కోసారి మంటలూ రావచ్చు. బయట అమర్చిన ఎలక్ట్రికల్ సామాను, గ్యాస్ కిట్ పాలసీలో రాయించకపోతే వాటికి బీమా డబ్బు రాదు. మార్పును దాచిపెడితే మొత్తం క్లెయిమే ఇరుకున పడవచ్చు.

కాళ్లు పనిచేయనివారు చేత్తో బ్రేకు, యాక్సిలరేటర్ నడిపేలా కారు మార్పించుకోవడానికి మాత్రం చట్టంలోనే వీలుంది. ఆర్టీఏ అనుమతితో ఆర్‌సీలో అది 'అడాప్టెడ్ వెహికల్'గా నమోదవుతుంది.